జోడు ఫ్యాన్ల జీపు, స్వరూప బోర్డు

నా పేరు సమ్మయ్య. స్టేషన్ ఘన్‌పూర్‌లో ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విప్పుతున్నాను, బిగిస్తున్నాను. నా గొప్పలు చెప్పుకోవడానికి కూర్చోలేదు గానీ ఒక్క మాట ముందే చెప్పాలి. నాకు కోపం ఎక్కువ. నా పానాలు, స్క్రూడ్రైవర్లు ఇంకొకడు ముట్టుకుంటే ఒప్పుకోను. నా ముందుకొచ్చి "ఇట్ల కాదు, అట్ల" అని ఎవడైనా అన్నాడంటే, ఆ రోజు వాడి బండి సాయంత్రం దాకా ఎండలో ఉండాల్సిందే.

చెప్పబోయేది స్వరూప గురించి. మా షాపుకు ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్కన ఆమెది ఒకే షట్టర్ ఉన్న గది. వెనకాలే ఇల్లు. మనిషి పొట్టి, మాట గట్టి. కొంగు నడుముకు దోపి, చెవి మీద టెస్టర్ పెట్టుకుని స్టూలు మీద కూర్చుంటుంది. చూసినవాళ్లు ఎవరైనా "ఓనర్ లేడా అక్కా?" అని అడగాల్సిందే. "నేనే ఓనర్‌ను, ఏం కావాలె చెప్పు" అంటుంది తల ఎత్తకుండానే.

ఆమె పుట్టింది నర్సింహులపేటలో. తండ్రి గట్టయ్యది మోటార్ వైండింగ్ షాపు. కరెంటు ఎక్కువ తక్కువై బావుల దగ్గర మోటార్లు కాలిపోతే, రైతులు తెచ్చి ఆయన ముందు పడేసేవాళ్లు. మాడిన రాగి తీగంతా పీకి, కొత్త తీగ లెక్క తప్పకుండా చుట్టాలి. కొడుకులకు ఓపిక లేదు, కూతురికి ఉంది. అట్లా నేర్చుకుంది. చుట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరు పలకరించినా చేత్తోనే ఆగమని సైగ చేస్తుంది. ఇప్పటికీ అంతే. పని మధ్యలో కలెక్టర్ వచ్చి నిలబడ్డా ఆ చెయ్యే లేస్తుంది.

ఐలేశ్‌ను పెళ్లి చేసుకుని మా ఊరొచ్చింది. అతను లోడ్ వ్యాను నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. ఆమె ఇక్కడ కూడా వైండింగ్ పెట్టింది. మోటార్ల తర్వాత ట్రాక్టర్ల డైనమోలు వచ్చాయి, తర్వాత సెల్ఫ్ మోటార్లు. అవి బండిలో బిగించడం వచ్చాక బండి వైరింగ్ మొత్తం పట్టుబడింది. ఆరు నెలల కింద పాత బోర్డు తీసేసి కొత్తది రాయించింది. "స్వరూప ఆటో ఎలక్ట్రికల్స్." ఎర్ర అక్షరాలు. ఆ రోజు బజారంతా ఒకటే గుసగుస.

నిజం ఒప్పుకుంటాను. ఆ గుసగుసలో పెద్ద గొంతు నాదే. "వైండింగ్ దాకా సరే. కార్ల వైరింగ్ ఆడోళ్ల పనా? బండి తగలబెట్టుకుంటారా?" అని నా దగ్గరికొచ్చిన ప్రతివాడికీ చెప్పాను. హన్మకొండ పొమ్మన్నాను. ఎదురుగా మనిషిని పెట్టుకుని ముప్పై కిలోమీటర్లు పంపించాను. పాపం, ఆమె దగ్గరికి రెండు ఆటోలు, ఒక ట్రాక్టర్ తప్ప ఏమీ పోలేదు.

ఇట్లా ఉండగా జగపతి జీపు వచ్చింది.

జగపతి అంటే మా దగ్గర పేరున్న పటేల్. మామిడి తోట, నాలుగు ఊళ్లలో పలుకుబడి, ఎలక్షన్లప్పుడు ఇంటి ముందు పది బండ్లు. వాళ్ల నాన్న కాలం నాటి జీపుకు నేనే పెద్ద డీజిల్ ఇంజన్ ఎక్కించాను. ఎక్కించడంలో నాకు వంక పెట్టేవాడు ఈ మూడు జిల్లాల్లో లేడు. కానీ కొత్త ఇంజన్ పాతదానికంటే నాలుగు వేళ్లు పొడుగు. బెల్టుతో తిరిగే ఫ్యాన్ రేడియేటర్‌కు తగులుతోంది. దాన్ని పీకేసి, రేడియేటర్ వెనకాల రెండు కరెంటు ఫ్యాన్లు పక్కపక్కన బిగించాను. పాత కార్లవి, వరంగల్ స్క్రాప్‌లో దొరికినవి. ఇవి బ్యాటరీతో తిరుగుతాయి. నీళ్లు వేడెక్కగానే వాటంతట అవే మొదలవ్వాలి. ఆ వైరింగ్ నాది కాదు, నాకు రాదు. ఎక్కడినుంచో ఒకడు వచ్చి రెండు ఫ్యాన్లకూ కలిపి ఒకే సన్న వైరు గుంజి చేతులు దులుపుకుని పోయాడు. మూడో రోజు జనగామ రోడ్డు మీద వైరు కరిగి పొగలు. జగపతి భార్య శకుంతల నడిరోడ్డు మీద చెప్పులు వదిలేసి దూకింది.

సరిగ్గా వారంలో కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు. ఇంట్లో మంచి కారు ఉంది. కానీ నలుగురూ చూసే చోట కొత్త ఇంజన్ జీపులో దిగకపోతే జగపతికి అన్నం సహించదు. హన్మకొండలో ఎవరినడిగినా పది రోజుల దాకా తీరదన్నారు. ఇక వేరే దారి లేక జీపును స్వరూప షట్టర్ ముందు ఆపాడు. పక్కనే టీ కొట్టు. పది పన్నెండు మంది ఉన్నారు. నేనూ గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

"ఏం స్వరూపా, చేస్తవా? బాయికాడి మోటార్ చుట్టినట్టు కాదు గిది."

"గిది గూడ మోటారే గద పటేలా. గది నీళ్లు గుంజుతది, గిది గాలి గుంజుతది. గంతే తేడా."

"మల్ల వైరు కాలితే?"

"వైరు కాలదు, ఇంజన్ కాగదు."

"కాగితే?"

స్వరూప టీ కొట్టు వైపు చూసింది. మా అందరినీ వరసగా చూసింది. "కాగితే నా బోర్డు నేనే దించుత. మల్ల బండి వైరింగ్ ముట్టుకోను. ఇంత మంది ముంగట చెప్తున్న, సరేనా?"

నాకు నవ్వొచ్చింది. "మాట మీద నిలబడాలె చెల్లె" అన్నాను.

"నేను నిలబడ్త అన్నా. నువ్వు బిగించిన కాడ నీళ్లు కారకుండ చూస్కో" అంది. టీ కొట్టంతా నవ్వింది. నా టీ చల్లారిపోయింది.

రెండు రోజులు చేసింది. పాత వైరంతా పీకి రోడ్డు మీద పడేసి, "ఇంత సన్న వైరు మీద గంత బరువా! లేగదూడకు నాగలి కట్టినట్టున్నది" అంది. ఒక్కో ఫ్యాన్‌కు విడిగా లావు వైరు, విడిగా ఫ్యూజు, విడిగా రిలే పెట్టింది. రిలే అంటే చిన్న స్విచ్‌తో పెద్ద కరెంటును తెరిచే డబ్బా. ఎర్తు వైరును తుప్పు పట్టిన బాడీకి తగిలించకుండా నేరుగా బ్యాటరీకి తెచ్చింది. రెండు ఫ్యాన్లూ ఒక్కసారే లేస్తే బ్యాటరీ మీద దెబ్బ పడుతుందని, ముందు ఒకటి, వేడి ఇంకాస్త పెరిగితే రెండోది వచ్చేటట్టు చేసింది. ఎప్పుడైనా ఫ్యాన్ విప్పాల్సి వస్తే వైరు కోయకుండా ఊడదీయడానికి ఒక్కోదానికీ కప్లర్ పెట్టింది. ఇదంతా రోడ్డు ఇవతల పని చేసుకుంటున్నట్టు నటిస్తూ చూశాను. చివర్లో ఫ్యాన్ల వైర్లకు ఏవో పసుపు దారాలు కట్టడం కూడా చూశాను. మొక్కేదో మొక్కుకున్నట్టుంది, మంచిదే అనుకున్నాను.

తర్వాత మిట్టమధ్యాహ్నం ఎండలో గంటసేపు బండి నిలబెట్టి ఇంజన్ నడిపింది. వేడి చూపించే ముల్లు సగం దాటలేదు. వంక వెతికాను, దొరకలేదు. లోపల మండింది. ఎందుకు మండాలి? బండి నేను ఎక్కించిన ఇంజన్‌తోనే నడుస్తోంది, చల్లగా ఉంటే నాకే మంచిది. అయినా మండింది.

బయల్దేరే రోజు పొద్దున ఐదింటికి జగపతి జీపు నా షాపు ముందు పెట్టి, "సమ్మయ్యా, ఒక్కసారి చూడు, నువ్వు గూడ రా" అని ఇంటికి పోయాడు. స్వరూపను కూడా శకుంతల రమ్మంది. "పని చేసిన పిల్ల, పుణ్యం గూడ చేస్కోనీ" అందట.

బానెట్ లేపితే రేడియేటర్ కింది గొట్టం దగ్గర చుక్క చుక్కగా నీళ్లు. నేను బిగించిన క్లిప్పే! ఎవరైనా చూస్తే, ముఖ్యంగా ఎదురింటామె చూస్తే, నా పరువేం కావాలి? చెయ్యి దూరాలంటే ఎడమ ఫ్యాన్ పక్కకు జరపాలి. దాని కప్లర్ ఊడదు. లాగాను, తిప్పాను, తిట్టాను. ప్లయర్‌తో పట్టి గుంజితే టప్‌మని విరిగింది. ఇక చేసేదేముంది, వైర్లు కోసి, ఫ్యాన్ జరిపి, క్లిప్పు బిగించి, రెండు వైర్లూ మళ్లీ మెలేసి టేపు చుట్టాను. ఎప్పటి స్క్రాప్ ఫ్యాన్లో, వాటి వైర్లు రెండూ మాసి ఒకటే మట్టి రంగులో ఉన్నాయి. పసుపు దారం ఊడి నా చేతిలోకొచ్చింది. దేవుడి దారం కింద పడేయకూడదు కదా! కళ్లకద్దుకుని, భక్తిగా స్టీరింగ్‌కు కట్టాను. ఇంజన్ చల్లగా ఉంది కాబట్టి ఫ్యాన్ తిరగదు, తిరిగేదాకా ఆగే సమయం లేదు. ఎవరికీ చెప్పలేదు.

జగపతి నడిపాడు, పక్కన శకుంతల, వెనకాల నేనూ స్వరూపా. హన్మకొండ, పరకాల, భూపాలపల్లి. రోడ్డు మీద గాలి రేడియేటర్‌కు తగులుతుంటే ఫ్యాన్ల అవసరమే లేదు. ముల్లు కదల్లేదు. జగపతి హుషారుగా పాటందుకున్నాడు. మహదేవ్‌పూర్ దాటాం. అక్కణ్నుంచి బండ్లు బారులు తీరి ఉన్నాయి. బస్సులు, ట్రాక్టర్లు, కార్లు. అడుగుకొకసారి ఆగడం, అడుగుకొకసారి కదలడం. తొమ్మిదికే ఎండ నెత్తిన పొయ్యి పెట్టింది.

"సమ్మయ్యా, ముల్లు లేస్తాంది" అన్నాడు జగపతి.

చూస్తుండగానే ఎర్ర గీత అంచుకొచ్చింది. జీపును రోడ్డు దించి ఆపాడు. రేడియేటర్ మూత దగ్గర బుస్సుమంటోంది.

"ఏం స్వరూపా, గిదేనా నీ వైరింగ్? కాగదంటివి!"

"జర ఆగుండ్రి, పిల్లను చూడనియ్యిండ్రి" అంది శకుంతల.

నా టేపు ఊడిందేమో! తేలు కుట్టిన దొంగలా వెనకాలే కూర్చున్నాను. స్వరూప దిగి, కొంగు చేతికి చుట్టుకుని బానెట్ లేపింది. తొంగి చూస్తే రెండు ఫ్యాన్లూ గిర్రున తిరుగుతున్నాయి. హమ్మయ్య, నా తప్పు లేదు! అప్పుడే దిగాను, ఛాతీ విరుచుకుని మరీ.

"రెండు తిరుగుతనే ఉన్నయి. వైరింగ్‌ల ఇంకేదో లోపం ఉన్నది పటేలా" అన్నాను. ఎంత సిగ్గులేని నోరో చూడండి.

స్వరూప ఇడ్లీలు కట్టిన పేపరు ముక్క తీసుకుని రేడియేటర్ ముందు కుడి వైపు పెట్టింది. టక్కున అతుక్కుంది. ఎడమ వైపు పెట్టింది. పేపరు ఎగిరి ఆమె ముఖం మీద పడింది.

"పటేలా, మోటార్ ఉల్టా తిరిగితే బాయిలకెళ్లి నీళ్లొస్తయా?"

"ఎట్లొస్తయి? వైర్లు మార్చి కొట్టాలె."

"గదే. ఒక ఫ్యాన్ ఉల్టా తిరుగుతాంది. కుడిది గుంజిన గాలిని ఎడమది వెనక్కి నూకుతాంది. ప్లస్సు కాడ మైనస్సు పడ్డది."

ఇంజన్ ఆపించి, వంగి చూసింది. ఎడమ ఫ్యాన్ వైర్ల మీద నా నల్ల టేపు. కుడి ఫ్యాన్ వైరు మీద పసుపు దారం, ఎడమదానికి లేదు. లేచి, నీళ్ల సీసా కోసం డ్రైవర్ వైపు వచ్చింది. స్టీరింగ్ మీద చూపు ఆగింది. అక్కడ ముద్దుగా ముడేసి ఉంది పసుపు దారం. తర్వాత నా వైపు చూసింది. నాకు అప్పుడు తెలిసింది ఆ దారం దేనికో.

టేపు విప్పి వైర్లు అటుదిటు మార్చి మెలేసింది. నీళ్లు చల్లారాక పోసింది. ఇంజన్ వేడెక్కి ఫ్యాన్లు లేచాక పేపరు పెడితే రెండు వైపులా అతుక్కుంది. మళ్లీ బండ్ల వరసలోకి దూరాం. నత్తనడక అట్లాగే ఉంది, ఎండ అట్లాగే ఉంది. పావుగంటలో ముల్లు సగానికి దిగి అక్కడే కూర్చుంది.

జగపతి ముఖం తేటపడింది. కానీ మనిషి మొండి. ఎవరి మాట వాళ్ల మెడకు కట్టి చూడటం ఆయనకు సరదా. "సల్లబడ్డది, మంచిదే. గని కాగింది గద స్వరూపా. పది మందిల మాటిచ్చినవ్."

"ఇచ్చిన పటేలా."

"మరి?"

"బయల్దేరే ముంగట నా పని నేను మల్లొక్కసారి చూస్కోవాలె. గని చూస్కోలేదు. ఇంటికి పోయినంక బోర్డు దించుత."

నా పేరు ఎత్తలేదు. పక్కనే కూర్చున్న నన్ను చూడను కూడా లేదు, రోడ్డు వైపు చూస్తోంది. ఒక్క మాట అంటే చాలు కదా, "సమ్మన్న ముట్టుకున్నడు" అని! అననే లేదు. ఆ ఎర్ర అక్షరాలు దిగుతుంటే టీ కొట్టు దగ్గర గ్లాసు పట్టుకుని నేను చూస్తుంటాను. జనం "చెప్పినవ్ కదా సమ్మయ్యా, నువ్వే గెలిచినవ్" అంటారు. నా మీద నాకే ఎంత అసహ్యం వేసిందంటే, జీపులోంచి దూకేద్దామనిపించింది.

"ఆపుండ్రి బండి!" అని అరిచాను.

"ఆగే ఉన్నది గద" అన్నాడు జగపతి.

"బోర్డు దించుడు లేదు, గీర్డు దించుడు లేదు! వైర్లు కోసింది నేను. నా క్లిప్పు కాడ నీళ్లు కారితే, ఎవరన్న చూస్తరని పొద్దున దొంగతనంగ ఫ్యాన్ జరిపిన. కప్లర్ ఇరగ్గొట్టిన. ఉల్టా కలిపింది నేనే. గా దారం దేవునిదనుకొని స్టీరింగ్‌కు కట్టింది గూడ నేనే!"

శకుంతల దారం వైపు చూసింది, నా వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "అయ్యో సమ్మయ్యా! మొక్కినవా దానికి?"

"కండ్లకద్దుకున్న" అన్నాను.

జగపతి నవ్వలేదు. వెనక్కి తిరిగి నన్ను చాలాసేపు చూశాడు. "ముప్పై ఏండ్ల మెకానిక్‌వు. నీ మాట వినే గద నేను ఇన్ని దినాలు ఈ పిల్ల కాడికి రాలె." ఆ తర్వాత స్వరూపతో అన్నాడు, "బోర్డు ముట్టుకున్నవంటే ఊకోను బిడ్డా. మా తోట ట్రాక్టర్లు గూడ నీ కాడికే వస్తయి."

స్వరూప తలూపింది. దారం గురించి అప్పుడు చెప్పింది. "మా బాపు నేర్పిన పద్ధతి అన్నా అది. తీగ మొదలేదో చివరేదో తెల్వాలని మొదటి కొసకు దారం కడ్తం. ఫ్యాన్ వైర్లు రెండు ఒక్క తీరుగనే ఉన్నయని ప్లస్సుకు కట్టిన." ముందున్న బస్సు కదిలింది, మేమూ పది అడుగులు కదిలాం.

"అన్నా, ఒక్కటడుగుత. పొద్దున ఐదింటికి మా ఇంట్ల లైటు వెలుగుతనే ఉన్నది. చూసినవా?"

"చూసిన."

"కప్లర్ ఊడకపోతే రోడ్డు దాటి నన్ను అడగొచ్చు గద. ఎందుకు రాలె?"

ఆ ప్రశ్నకు అబద్ధం చెప్పడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. టైము లేదనొచ్చు, నిద్రపోతున్నావనుకున్నా అనొచ్చు. కానీ ఆ రోజు అప్పటికే సగం సిగ్గు వదిలేశాను, మిగిలిన సగం ఎందుకు దాచుకోవాలి?

"ఆడిపిల్లను అడుగుడేందని రాలేదు చెల్లె."

"ఎరుకే" అంది స్వరూప. "ఆర్నెల్ల సంది ఎరుకే. నీ నోటితోని అంటవా అనవా అని చూస్తున్న."

ఆ మాటలో కోపం ఉంటే నేను బతికిపోయేవాణ్ని. లేదు. నీళ్ల సీసా నా చేతికిచ్చి తాగమంది. తాగాను.

పుష్కరాల నుంచి వచ్చిన మర్నాడే నా దగ్గరికి ఒక కారు వచ్చింది. ఇంజన్ పనితో పాటు హెడ్‌లైట్ వైరింగ్ కూడా చూడాలన్నాడు ఓనర్. హన్మకొండ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది, మింగేశాను. ఆ రోడ్డు నాలుగు నిమిషాలు నడిచేంత దూరమేమీ కాదు, పది అడుగులు. పానా కింద పెట్టి, చేతులు తుడుచుకుని, మళ్లీ తుడుచుకుని, టీ కొట్టు దగ్గర జనం పలచబడతారేమోనని చూసి, వాళ్లు పలచబడకపోయేసరికి అందరి ముందు నుంచే దాటి, "స్వరూపా, ఒక బండొచ్చింది, జర చూస్తవా?" అని అడగడానికి నాకు మధ్యాహ్నం దాకా పట్టింది.